పడవలో పడక, సరకులకు చోటు

నేటి ప్రసంగవిషయము చూచుటకు మిక్కిలి చిన్నది. చిన్న పడవపై ఒకటిరెండు రాత్రులు గడపవలసివచ్చినప్పుడు మనుష్యుడు ఎక్కడ పండుకొనవలెను, వెంట తెచ్చుకొన్న సామగ్రిని ఎక్కడ పెట్టుకొనవలెను అనునదియే ఆ విషయము. “ఇదియు నొక విషయమేనా? చాప యొకటి యున్న చాలదా?” అని మీలో కొందఱు నవ్వవచ్చును. నేనును ఒకప్పు డట్లే నవ్వినవాడను. ఒకనాటి రాత్రి జరిగిన సంగతి నా నవ్వును మాన్పినది. దానిని చివర మనవి చేసెదను.

మన కోనసీమకు ఒకవైపున గౌతమి, మఱొకవైపున వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున సముద్రము. వంతెనలు వచ్చినవి గనుక నీరు దాటుట నేడు మనకు పెద్దపని కాదు. యానాము ప్రక్కన ఎదురులంకకడ గౌతమిపై వంతెన 2002లో తెఱవబడుటకు పూర్వము పంటుకొఱకు రేవున గంటలతరబడి కూర్చున్నవారు మీలో ననేకులుందురు. అప్పుడు పడవ అవసరము, ఇప్పుడది వేడుక. పట్టణములవారు గోదావరిపై ఒక రాత్రి నిద్రింపవలెనని కోరి వచ్చుచున్నారు. మన యువకులు పడవలు కొని, గదులు కట్టించి, అద్దెల కిచ్చుటకు ఉబలాటపడుచున్నారు. రేవున నిలుపుటకు అనుమతి కావలసినప్పుడు వారు మొదట వచ్చునది పెద్దలయొద్దకే. పడవ రంగునుజూచి మెచ్చుకొని పంపివేయుట సులభము. లోపల దిగి, పడకలెక్కడ, పెట్టెలెక్కడ, నీళ్లెక్కడ అని యడుగుటకు కొంత తెలివిడి కావలెను. ఆ తెలివిడికొఱకే యీ మాటలు.

మొదట మన పాతపడవను జ్ఞప్తికి తెచ్చుకొందము. సర్ ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరముకడ 1847లో ఆనకట్టపని నారంభించెను. 1852 నాటి కది పూర్తియయ్యెను. దానినుండి పుట్టిన కాలువలు సేద్యమునకే గాక పడవల రాకపోకలకును పనికివచ్చునట్లు త్రవ్వబడినవి. లొల్లకడను, మఱి పెక్కుచోట్లను లాకులు కట్టుట అందుకొఱకే. ఎగువమట్టమునుండి దిగువమట్టమునకు పడవను మెట్టుదింపినట్లు దింపు సాధనము లాకు. రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని మెల్లగా వదలి, మట్టములు సమమైన తరువాత రెండవ తలుపు తెఱతురు. రాత్రివేళ లాకుకడకు చేరిన పడవ తెల్లవాఱువఱకు అచ్చటనే నిలిచియుండుటయు కలదు. కాబట్టి రహదారి పడవలో నిద్ర యనునది తప్పనిసరి యైన యేర్పాటు.

మా తండ్రిగారు తమ చిన్ననాటి పడవప్రయాణములను గూర్చి చెప్పుచుండెడివారు. పడవ ముందుభాగమును అణియమనియు వెనుకభాగమును అమరమనియు అందురు. అణియమున లంగరు, మోకులు, గెడలు. అమరమున చుక్కాని, దానిని పట్టినవాడు, వాని ప్రక్కన మట్టిపొయ్యి. నడుమ తాటాకు కప్పుక్రింద ప్రయాణికులు. వచ్చినవారి పెట్టెలను, ధాన్యపు బస్తాలను పడవ అడుగున పేర్చి, వానిపై బల్లలు పఱచి, బల్లలపై చాపలు వేసెడివారట. అనగా సామానే మంచమయ్యెను! ఒక చీరను అడ్డముగా కట్టినచో స్త్రీల కొక గది. కప్పు దూలమునుండి ఉట్టి వ్రేలాడుచుండెడిది, అందు పెరుగుకుండ. ఎవరి మరచెంబు వారి తలక్రింద. ఎక్కినవెంటనే మరచెంబుకు తాడుకట్టి ఆ తాడును మొలకు చుట్టుకొను ముసలమ్మగారొకరు మా తండ్రిగారి పడవలో నుండెడివారట. అది పిసినితనమని పిల్లలు నవ్వెడివారు. పడవ ఒఱగినప్పుడు జాఱని వస్తువు ఆమె మరచెంబొక్కటియే.

ఆ పాతపడవవాడు ఏ కళాశాలలోను చదువుకొనలేదు. అయినను అతని అమరికలో మూడు సూత్రములు ఇమిడియున్నవి. బరువైనది క్రిందను, నడుమను; మనుష్యులు దానికి పైగా, నడుమనే; తేలికయైనది పైన వ్రేలాడుచు. ఇంగ్లండునందు గాని ఆస్ట్రేలియాయందు గాని చిన్న విహారనౌకలను గీయు శిల్పులు నేటికిని పాటించుచున్న మొదటి సూత్రములును ఇవియే.

ఇట్టి యాలోచన మన దేశమునకు క్రొత్తది కాదు. భోజరాజు పేర నున్న యుక్తికల్పతరు వను సంస్కృతగ్రంథము నావలను వాని గదులయునికినిబట్టి మూడు విధములుగా విభజించినది. ఈ కొననుండి ఆ కొనవఱకు గదులున్నది సర్వమందిర. నడుమ గదులున్నది మధ్యమందిర. ముందుభాగమున గదులున్నది అగ్రమందిర. సర్వమందిర రాజుల ధనమును, గుఱ్ఱములను, అంతఃపురజనమును తరలించుటకు. మధ్యమందిర విలాసయాత్రలకును వర్షకాలమునకును. అగ్రమందిర దూరప్రయాణములకును యుద్ధమునకును అని దాని వినియోగముగూడ చెప్పబడినది. విలాసయాత్రకును వానకాలమునకును నడిమిగది తగునను మాటను గమనింపుడు. కారణ మా గ్రంథము చెప్పినను చెప్పకున్నను మనము కనుగొనవచ్చును. ఊయలబల్ల నడుమ కూర్చున్నవానికంటె కొనయందు కూర్చున్నవాడు ఎక్కువగా ఎగిరిపడును గదా! అలలపై పడవయు నట్లే. అణియము లేచును, అమరము దిగును. నడిమిభాగము కదలుట తక్కువ. వాంతులు చేసికొను స్వభావముగలవారికి, వృద్ధులకు, పసిబిడ్డల తల్లులకు నడుమ, క్రింద పడక వేయుటయే న్యాయము.

ఇక బరువు సంగతి. ఓడలు బండ్లును బండ్లు ఓడలును అగునని మన సామెత. ఆ సామెతయొక్క యర్థము వేఱైనను, ఓడకును బండికిని బరువునెత్తు విద్యలో చుట్టఱికము నిజముగా నున్నది. ధాన్యపు బండిలో బస్తాలు వెనుకకు పడినచో కాడి ఎద్దుల మెడలనుండి పైకి లేచును. ముందునకు పడినచో ఎద్దులు మోకరించును. పడవలోను బరువు అమరమున చేరినచో అణియము గాలిలోనికి లేచి చుక్కానిమాట వినదు. అణియమున చేరినచో ముక్కు నీట ముంచును. ఇది ముందువెనుకల సంగతి. అంతకంటె ముఖ్యమైనది మీదుక్రిందుల సంగతి. గడ్డిబండి గట్టుదిగునప్పుడు ఒఱగును. అంతే బరువుగల యిసుకబండి ఒఱగదు. గడ్డి ఎత్తుగా నుండుటయే కారణము. తంజావూరు బొమ్మను ఎంత త్రోసినను మరల లేచి నిలుచుట దాని అడుగున బరువుండుటచేతనే. పడవకును అడుగునున్న బరువు ఆప్తమిత్రము. నెత్తినెక్కిన బరువు పగవాడు. మిద్దెపై పదిమంది కూర్చుండి పాటలు వినుట చూచుటకు వేడుక. కాని వారందఱు ఒక్క క్షణమున ఏ మొసలినో చూపించుటకు ఒక ప్రక్కకు పరుగెత్తినచో పడవ ఎటు ఒఱగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

పడక కొలతలు చూతము. మనిషి కాళ్లుచాపి పండుకొనుటకు ఆఱున్నర అడుగుల పొడవు కావలెను. భుజములయొద్ద రెండడుగులు, రెండుంబావు అడుగుల వెడల్పు చాలును. పాదములయొద్ద అడుగున్నర యున్నను ఇబ్బంది లేదు. ఈ భేదమును నౌకాశిల్పులు చక్కగా వాడుకొందురు. పడవ అణియము సూదిగా నుండును గనుక అచ్చట రెండు పడకలను, కాళ్లు కలిసి తలలు విడివడునట్లు, బాణపుములికి ఆకారమున అమర్తురు. అచ్చట ఇద్దఱు నిద్రింపవచ్చును. వానిక్రింద మోకులకు, తెరచాపలకు చోటు దొరకును. అయితే ఈ ముందుపడక లంగరువేసి నిలిచిన రాత్రికే సుఖము. పడవ నడచుచున్నప్పుడు అచ్చట పండుకొన్నవాడు ఊయలబల్ల కొనయందున్నవాడే.

ముప్పదడుగుల పొడవు, నడుమ పదియడుగుల వెడల్పుగల పడవ ననుకొందము. నడుమ రెండుప్రక్కల రెండేసి అడుగుల వెడల్పున బల్లలు కట్టినచో పగలు కూర్చుండుటకు, రాత్రి పండుకొనుటకు ఉపకరించును. నడుమ మిగిలిన ఆఱడుగులలో భోజనపుబల్ల. ఆ బల్ల కాళ్లు మడిచి ప్రక్కబల్లల యెత్తునకు దింపి, పైన పరుపు వేసినచో అదియు పడకయే. మఱొక పడక అమరమున. చుక్కాని పట్టువాడు కూర్చుండు చోటు క్రింద గుహవలె ఒక బొఱియ యుండును. అందు మొదట కాళ్లు దూర్చి తల మాత్రము బయట నుంచుకొని పండుకొందురు. చూచుటకు ఎలుకబొఱియవలె నున్నను, సముద్రముపై నడచు పడవలో దీనినే మేలైన పడకగా ఎంచువారు పెక్కురు. ఏలయన మనిషి అటునిటు దొర్లుటకు అందు చోటే లేదు. మన పల్లెటూళ్లలో మంచము విశాలమైన కొలది గొప్ప. పడవలో విశాలమైన మంచము శత్రువు. ఒక్క అల వచ్చినచో నిద్రించువాడు ఈ కొననుండి ఆ కొనకు గుమ్మడికాయవలె దొర్లును. ఇఱుకు పడకకు అంచున జానెడెత్తు బల్ల గాని, పైకి లాగి కట్టు గట్టిగుడ్డ గాని ఉండవలెను. పసిబిడ్డ ఉయ్యాలకు రెండుప్రక్కల చీర ఎట్లు ఎత్తుగా నిలుచునో ఇదియు నట్లే.

పరుపుక్రింద మూసిన పలక వేయరాదు. సందులు విడిచిన బద్దలు వేయవలెను. మనిషి ఒంటివేడికి ఊపిరితేమ చేరి, క్రింది చల్లని పలకపై చెమర్చి, పరుపు వెనుకవైపు బూజుపట్టును. మన నులకమంచము సందులుసందులుగా నుండుట యెంత తెలివియో పడవలో పరుపు కుళ్లిన తరువాత గాని తెలియదు!

సరకుల ప్రకరణమునకు వచ్చెదను. ఇంటిలో వలెనే పడవలోను అటక, గూడు, అఱ, ఉట్టి అన్నియు కలవు. కాని ప్రతిదానికిని ఒక మెలిక. అఱ తలుపు ఒఱగినపుడు తనంతట తెఱచుకొనకుండ గట్టి గడియ యుండవలెను. గూటి అంచున రెండంగుళముల బద్ద నిలుపవలెను; లేనిచో ఉప్పుజాడి, పప్పుజాడి నేలపై ఏకమగును. పెద్ద అఱ ఒకటి యుండుటకంటె చిన్న అఱలు నాలుగుండుట మేలు. పెద్ద అఱలో సగము నిండిన వస్తువులు పడవతోబాటు దొర్లి, ఒకదానినొకటి కొట్టుకొని, రాత్రి యెల్ల చప్పుడుచేయును. ఆ చప్పుడుకు నిద్రపట్టదు. నిద్రలేనివాడు మఱునాడు చుక్కాని పట్టినచో దారి తప్పును. తలుపులకు గాలియాడు రంధ్రములు పెట్టుట మఱువరాదు.

వీనియన్నిటిలో బరువైనది నీరు. లీటరు నీరు కిలో బరువు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల వంతున నలుగురకు పది దినములకు నూటయఱువది లీటర్లు. అనగా రెండు ధాన్యపు బస్తాలకు మించిన బరువు. దీనిని పడవ మిద్దెపై పీపాలో పెట్టి, క్రిందకు గొట్టము దింపి, కొళాయి తిప్పగనే నీరు వచ్చుచున్నదని మురియువారిని నే నెఱుగుదును. ఇంటిపైన తొట్టె యుండుటకు అలవాటుపడిన బుద్ధి యది. పడవలో నీటితొట్టె అడుగుబల్లల క్రింద, నడుమ ఉండవలెను. పైకి తోడుకొనుటకు చిన్న చేతిపంపు చాలును. ఇంకొక మాట. సగము నిండిన తొట్టె నిండుతొట్టెకంటె అపాయకరము. నిండుబిందె తొణకదని అందఱమును ఎఱుగుదుము. సగమున్నది తొణకును, మోయువానిని ఊపివేయును. పడవ ఎడమకు ఒఱిగినచో లోపలి నీరు ఎడమకే పరుగెత్తి దాని నింకను ఒఱగద్రోయును. అందుచేత తొట్టెలోపల అడ్డుపలకలు పెట్టి, నీరు ఒక్కమాఱుగా పరుగెత్తకుండ చేయుదురు. నీళ్లబిందెపై ఆకువేసి మోసికొనివచ్చు మన ఆడువారి యుపాయమునకు ఇది తోబుట్టువు. పడవ అడుగున ఊఱిన నీటిని తోడివేయుడని సరంగులు తొందరపెట్టుటకును కారణ మిదియే. పాదము తడియునంత నీరే గదా యని ఊరకుండరాదు.

వంటగ్యాసును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఇంటిలో గ్యాసు కాఱినచో కిటికీ, తలుపు తెఱచినంతట చాలవఱకు బయటికి పోవును. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. నీరువలె పల్లమునకు దిగును. ఇంటికి గుమ్మము పల్లమున నున్నది గనుక అది బయటికి పోవుటకు దారి కలదు. పడవ యన్ననో, అడుగున రంధ్రములేని గిన్నె. కాఱిన గ్యాసు అడుగుబల్లల క్రింద మడుగుకట్టి నిలుచును. వాసన పైకి తెలియకపోవచ్చును. తెల్లవాఱి ఇంజను త్రిప్పగనే ఒక్క నిప్పురవ్వ చాలును. సిలిండరును గదిలోపల గాని, పడకక్రింది అఱలో గాని పెట్టినవానికి ఆ పడవపై రాత్రి ప్రయాణమున కెవరును సమ్మతింపరాదు. సిలిండరు బయట, వేఱు పెట్టెలో, ఆ పెట్టె అడుగునుండి పడవవెలుపలికి గొట్టము పెట్టి ఉంచవలెను. ఇందు బేరములేదు.

కేరళమువారి కెట్టువళ్లమును మీలో చాలమంది చూచియే యుందురు. దిండికడ వసిష్ఠలో పర్యాటకాభివృద్ధి సంస్థవారు ఆ మాదిరి యింటిపడవలను ప్రవేశపెట్టిరి. ‘కెట్టు’ అనగా కట్టుట, ‘వళ్లము’ అనగా పడవ. మేకులు లేకుండ పలకలను కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టి చేయుదురు గనుక ఆ పేరు. తొల్లి అవి బియ్యమును మోయుటకు పుట్టినవి. రోడ్లు, లారీలు వచ్చి పనిలేకపోగా, ఇరువదవ శతాబ్దపు చివరిభాగమున వానిపై గదులు కట్టి యాత్రికులకు ఇంటిపడవలుగా మార్చిరి. అందు మంచము ఇంటి మంచమువలె విశాలము, స్నానపుగది యుండును, వెదురుచాపల పైకప్పు చల్లగా నుండును. నేను పైని చెప్పిన యిఱుకు పడకల సిద్ధాంతమునకు ఇది విరుద్ధము గాదా యని మీరడుగవచ్చును. కాదు. బియ్యపు బస్తాలు మోయుటకు పుట్టిన పడవ గనుక దాని పొట్ట వెడల్పు. అది తిరుగునది అలలులేని కాయలలో. రాత్రికి ఒడ్డున కట్టివేయుదురు. అట్టిచోట పెద్దమంచము వేసినను తప్పులేదు. అదే పడవను వఱదగోదావరిలోనికి గాని, అంతర్వేదికడ సముద్రపుమొగకు గాని తీసికొనిపోవుట వేఱుమాట. పడక ఎట్లుండవలెనను ప్రశ్నకు సమాధానము నీటినిబట్టి యుండును. పడవవాడు మీయొద్దకు వచ్చినప్పుడు “ఎన్ని గదులు?” అని కాదు, “ఏ నీటిలో?” అని మొదట అడుగుడు.

పెద్దనీటిలో చిన్నపడవ ఎట్లుండునో తెలియుటకు మన తెలుగు ఆడబిడ్డల కథయే కలదు. భారత నౌకాదళమువారి తారిణి యను తెరచాపపడవ గోవాలో కట్టబడినది. దాని పొడవు 56 అడుగులు మాత్రమే. 2017 సెప్టెంబరు 10వ తేదీన ఆఱుగురు స్త్రీలు వర్తికా జోషి నాయకత్వమున దానిపై గోవానుండి బయలుదేఱి, ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఫాక్‌లాండు దీవులు, దక్షిణాఫ్రికా రేవులలో ఆగుచు భూగోళమును చుట్టి, 2018 మే 21వ తేదీన మరల గోవా చేరిరి. మొత్తము 254 దినములు. వారిలో పాతర్లపల్లి స్వాతి విశాఖపట్టణపు పిల్ల. బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు పిల్ల. యాబదియాఱు అడుగులనగా మన పెద్ద మండువాయింటి పొడవుకంటె ఎక్కువ గాదు. అందులోనే ఆఱుగురి పడకలు, వంట, నెలలకు సరిపడు తిండి, నీరు, తెరచాపలు, మందులు, పనిముట్లు.

ఇట్టి ప్రయాణములలో అందఱు ఒక్కసారి నిద్రపోరు. కొందఱు పైన కాపలాయుండగా కొందఱు క్రింద నిద్రింతురు, జాములవారీగా మాఱుదురు. దిగివచ్చినవాడు చీకటిలో, తడిబట్టలతో, చేతితో తడవియే తన వస్తువును కనుగొనవలెను. కాబట్టి ఏ వస్తువు ఏ అఱలో నున్నదో పట్టిక వ్రాసి గోడకు అంటింతురు. ఎవరును స్థానము మార్చరాదు. నిచ్చెనమెట్టు ప్రక్కన తడిబట్టలు వ్రేలాడదీయుట కొక మూల ప్రత్యేకము. తడిని పడకవఱకు రానిచ్చినచో మరల ఆఱదు. పొయ్యిని రెండు ఇరుసులపై ఊయలవలె వ్రేలాడదీయుదురు. పడవ ఎంత ఒఱిగినను గిన్నె నిలువుగనే యుండును. మన వంటయిండ్లలో ఏ డబ్బాలో ఏమున్నదో ఇల్లాలి కొక్కర్తెకే తెలియును. పడవలో అది చాలదు. ఇల్లాలు నిద్రించుచున్నప్పుడును దీపపు చోటు అందఱకు తెలిసియుండవలెను.

ఇక చెప్పవలసినది చెప్పుటకు మనసొప్పనిది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోవుచున్న విహారపడవ కచ్చులూరుకడ వఱదనీటిలో బోల్తాపడినది. డెబ్బదిమందికి పైగా నెక్కిన ఆ పడవలో ఒడ్డుచేరినవారు 26 మంది మాత్రమే. ఆ కొందఱినైన కాపాడినవారిలో చేరువపల్లెల గిరిజనులు ముఖ్యులు. ఆ దుర్ఘటన కారణములను విచారించుట నా పని కాదు. కాని ఏ పడవయైనను బోల్తాపడుటకు పట్టునది కొన్ని క్షణములే యని అది మనకు తెలిపినది. ఆ క్షణములలో మూసిన గదిలోని మనిషికి రెండు వస్తువులే కావలెను: బయటికి దారి, ఒంటికి తేలుచొక్కా. దారిలో పెట్టె అడ్డముండరాదు. తలుపు లోపలనుండి తాళమక్కఱలేక తెఱచుకొనవలెను. ఒకే తలుపున్న గది గదికాదు, కూజాయే. పైకప్పుననైన మఱొక ద్వారము, మనిషి భుజములు పట్టునంతది, ఉండవలెను. తేలుచొక్కా ప్రతి పడకకడ, పండుకొన్నవాడు చేయిచాచిన అందునంత దగ్గఱ నుండవలెను.

లంకగ్రామములవారికి ఈ మాటలు విహారమునకు సంబంధించినవి గావు. 1986 ఆగస్టులో ధవళేశ్వరముకడ 35 లక్షల క్యూసెక్కుల నీరు పాఱినది. 2022 జులైలో 25 లక్షలకు పైగా వచ్చినది. అట్టి దినములలో నాటుపడవయే ఇల్లు, అదియే గాదె. అప్పుడును క్రమమిదియే. ధాన్యము, విత్తనపు మూటలు అడుగున, నడుమ. కాని పలకలకు ఆనకుండ క్రింద కఱ్ఱలువేసి, ఏలయన అడుగున ఊట తప్పదు. వానిపై వృద్ధులు, పిల్లలు, కూర్చుండియే. నిలుచున్న మనిషి మీదిబరువు. పాడిపశువుకై ప్రాణము కొట్టుకొనుట సహజమే. కాని కట్టుకొయ్య పట్టని దూడను మనుష్యులున్న పడవలో ఎక్కింపరాదు. బెదరిన దూడ ఒక్క గెంతు గెంతినచో చాలును.

ఇప్పుడు మొదట వాగ్దానముచేసిన సంగతి. కొన్నేండ్లక్రిందట కార్తికమాసమున మేము బంధువులము పదునలుగురము ఒక రేవున ఒక పడవను రాత్రికి మాటాడుకొంటిమి. ఊరు, పడవ పేరు చెప్పను. పడవ క్రొత్తది, పరుపులు తెల్లగా, దీపములు వరుసగా. మా వారందఱు సామానులతో ఎక్కిరి. పదునలుగురి పెట్టెలు, రెండు గంపల పిండివంటలు, ఆత్రేయపురమునుండి తెచ్చిన పూతరేకుల అట్టపెట్టెలు, ఒక హార్మోనియము. అన్నియు తలుపుప్రక్కనున్న ఒక పొడవైన బల్లపెట్టెపై పేర్చిరి. చోటు చక్కగ దొరకినదని నేనును సంతోషించితిని. పడవ నడిమిపాయకు చేరిన తరువాత గాలి లేచినది. పెద్దగాలి కాదు, దీపములు ఊగినవి, పిల్లలు ఏడ్చిరి. మా అక్కగారు తేలుచొక్కాలెక్కడ అని యడిగిరి. సరంగు తలగోకికొని, “ఆయ్, ఆ పెట్టెలోనే ఉన్నాయండి” అని హార్మోనియము క్రిందనున్న బల్లపెట్టెను చూపెను. “తాళము?” అంటిని. “తాళంచెవి గట్టుమీద మావోడి దగ్గరుండిపోయిందండి” అనెను.

గాలి తనంతట తగ్గినది. ఎవరికిని ఏమియు కాలేదు. మేము మరల రేవునకు చేరి, తాళపుచెవి తెప్పించి, సామాను యావత్తు దింపించితిమి. బరువుపెట్టెలు నడుమ అడుగుబల్లల క్రిందకు, గంపలు ప్రక్కఅఱలలోనికి, హార్మోనియము గట్టుమీదికి. చొక్కాలు మనిషికొకటి చొప్పున పడకలకడ పెట్టించితిని. ఈ సర్దుబాటుకు పట్టినది అరగంట. సరంగు మొదట సణిగెను. తరువాత తానే దగ్గఱనుండి “ఇది ఇటు పెడితే పడవ తిన్నగా ఉంటుందండి” అని చెప్పసాగెను. వానికి తెలియక గాదు, అడిగినవారు లేకపోయిరి. చంద్రుడు కొబ్బరితోటలపైకి వచ్చిన తరువాత పడవ రెండవసారి బయలుదేఱినది. మా అక్కగారు తన వంతు తేలుచొక్కాను మడిచి తలక్రింద పెట్టుకొని, మా పిన్నమ్మగారి మరచెంబును చేతికి కట్టుకొని, పడవ కదలకముందే నిద్రపోయిరి.